పెరట్లో ఏ కోడి పెంచాలి? కోసే రోజు నుంచి వెనక్కి లెక్కేయండి

మా తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో చంద్రగిరి, పాకాల, పూతలపట్టు వైపు ఎవరింటికెళ్లినా ఈ మధ్య ఒకటే ప్రశ్న అడుగుతున్నారు: "ఇంట్లో నాలుగు కోళ్లు పెంచాలనుకుంటున్నాం, నాటువి తెచ్చుకోమంటావా, వనరాజా అనే పెరటి రకమా?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే. కోసేదెవరు? చాలామంది అక్కడ ఆగిపోతారు, ఎందుకంటే దాని గురించి ఆలోచించి ఉండరు. కోడిపిల్లల్ని తెచ్చి, ఇంట్లో పిల్లలు వాటికి పేర్లు పెట్టి, ఆరేడు నెలలు మేపి, తీరా కనుమ రోజు చేతులాడక పక్కవీధి వాళ్లకు ఇచ్చేసిన ఇళ్లు నాకు మూడు తెలుసు. అందులో తప్పేం లేదు. కానీ అలాంటి ఇంటికి మాంసం కోడి ఎందుకు చెప్పండి, గుడ్ల పెట్టలు తెచ్చుకుని ఉంటే రెండేళ్లు ఇంటిల్లిపాదీ గుడ్లు తినేవాళ్లు.

అందుకే రకం సంగతి తర్వాత, ముందు కోత సంగతి మాట్లాడుకుందాం. మీకున్నవి రెండు దారులు: ఇంట్లోనే కోసుకోవడం, లేదా కోడిని చికెన్ షాపుకు తీసుకెళ్లి కోయించుకోవడం.

ఇంట్లో కోసుకోవడం గురించి. మా అవ్వ చేసే పద్ధతే నేనిప్పటికీ చేస్తున్నాను. ముందురోజు సాయంత్రం కోడిని గంప కింద వేసి మేత ఆపేస్తాం, నీళ్లు మాత్రం పెడతాం, లేకపోతే పొద్దున పేగులు, మేత సంచి నిండుగా ఉండి శుభ్రం చేసేటప్పుడు మాంసమంతా పాడవుతుంది. కోడిని వెంటపడి తరమకూడదు, తెల్లారకముందే చీకట్లో గంప కింద నుంచి మెల్లగా తీస్తే గొడవ చేయదు. కోశాక కాళ్లు పైకి పట్టుకుని రెండు మూడు నిమిషాలు రక్తం పూర్తిగా కారనివ్వాలి, రక్తం నిలిచిన మాంసం నల్లబడుతుంది, త్వరగా వాసన వస్తుంది. తర్వాత వేడినీళ్లు. ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువ పొరపాటు పడతారు. తెర్లుతున్న నీళ్లలో ముంచేస్తారు, తోలు ఉడికిపోయి ఈకతో పాటే ఊడొస్తుంది. నీళ్లు 60 నుంచి 65 డిగ్రీల మధ్య చాలు. అవ్వకు థర్మామీటర్ ఎక్కడిది, బానలో వేలు పెట్టి వెంటనే తీసేసేది, రెండోసారి పెట్టబుద్ధి కాకపోతే వేడి సరిపోయినట్టే. ముప్పావు నిమిషం నుంచి నిమిషం దాకా తిప్పుతూ ముంచి, రెక్క పెద్ద ఈక ఒకటి లాగి చూస్తే సులువుగా రావాలి.

ఈకలు పీకాక మిగిలే సన్నటి నూగును ఎండు కొబ్బరి మట్టల మంట మీద కాలుస్తాం. మట్ట భగ్గున మండి చప్పున ఆరిపోతుంది, ఆ కాసేపట్లోనే కోడిని అటూ ఇటూ తిప్పాలి, తోలు బిగుసుకుని బంగారు రంగుకొస్తుంది, కాళ్ల మీది పొలుసులు ఉబ్బి ఊడొస్తాయి. వెంటనే పసుపు, కాస్త నూనె చేతికి రాసుకుని గట్టిగా రుద్ది కడగాలి. నాటుకోడి పులుసుకు వచ్చే ఆ కమ్మటి వాసనలో సగం ఇక్కడే పుడుతుంది, తోలు తీసేసిన కోడికి ఎంత మసాలా వేసినా అది రాదు. తోక మొదట్లో ఉండే నూనె గ్రంథి మర్చిపోకుండా కోసేయండి. కార్జానికి అంటుకుని ఆకుపచ్చగా చిన్న తిత్తి ఉంటుంది, అది చిట్లితే తగిలినచోటల్లా చేదే, కాబట్టి దాన్ని కాస్త కార్జంతో కలిపే కోసి తీసేయడం మేలు. కందనకాయను నిలువుగా చీల్చి లోపలి పసుపు పొర ఒలిచేయాలి.

మొత్తం మీద ఒక కోడికి, అలవాటు లేనివాళ్లకు, గంట పైనే పడుతుంది. ఈకలూ పేగులూ కాలువలో పడేస్తే కుక్కలు చేరతాయి, పక్కింటివాళ్లతో మాట పడతాం. రెండడుగుల గుంట తీసి పూడ్చండి, కరివేపాకు చెట్టు మొదలుకు కాస్త దూరంగా పూడిస్తే ఏడాదికి మంచి ఎరువు.

షాపులో కోయించడం సులువు. పది నిమిషాల పని, కొద్దిగా డబ్బు. కానీ అక్కడ మూడు విషయాలు నోరు తెరిచి చెప్పాలి. ఒకటి, స్కిన్‌తోనే కావాలని. ఫారం కోడి అలవాటులో వాళ్లు అడక్కుండానే తోలు లాగేస్తారు. ఒకసారి ఏడు నెలలు మేపిన పుంజును ఇచ్చి, పక్క కొట్లో కొత్తిమీర తీసుకుని వచ్చేసరికి స్కిన్‌లెస్ ముక్కలు కవర్లో ఉన్నాయి, ఆ రోజు నాకు అన్నం సహించలేదు. రెండు, బర్నర్‌తో కాల్చి పసుపు రాయమని అడగండి, చాలా షాపుల్లో గ్యాస్ బర్నర్ ఉంటుంది. మూడు, ఆదివారం తొమ్మిదింటికి వెళ్లకండి. ఆరుకే వెళ్తే మొద్దు, కత్తి శుభ్రంగా ఉంటాయి, కోడిని కళ్ల ముందే కోయించుకోవచ్చు.

ఏ దారిలో కోసినా బరువులో దాదాపు మూడో వంతు పోతుందని లెక్కేసుకోండి. కేజీన్నర పుంజుకు కేజీ ముక్కలు వస్తాయి. ఇంకో మాట, కోసిన గంటలోపు పొయ్యి మీద పెట్టలేకపోతే కనీసం 8 గంటలు ఫ్రిజ్‌లో ఉంచి వండండి, ముదురు పెట్టయితే రాత్రంతా ఉంచండి. మధ్యలో కండ బిగుసుకుని ఉంటుంది, అప్పుడు వండితే ఎన్ని విజిల్స్ వచ్చినా పీచుగానే ఉంటుంది.

ఇప్పుడు రకాల సంగతి.

నాటుకోడి అంటే మనకందరికీ తెలిసినదే అనుకుంటాం, కానీ అందులోనూ జాతులున్నాయి, ఒకటి మన ప్రాంతం పేరు మీదే ఉంది. దేశంలో అధికారికంగా నమోదైన కోడి జాతుల జాబితాలో అసీల్, కడక్‌నాథ్, ఘాగస్‌ల పక్కన కాళహస్తి కోడి కూడా ఉంది, "కాళస్తి" అని రాస్తారు. నీలం ఛాయ కొట్టే నలుపులోనో, గోధుమ రంగులోనో ఉంటుంది. ఈ పేరు మనవాళ్లలోనే చాలామంది విని ఉండరు, అది నాకు బాధగా ఉంటుంది. పుంగనూరు ఆవు అంటే దేశమంతా తెలుసు, కాళహస్తి కోడి గురించి మాత్రం పక్క ఊళ్లో కూడా తెలియదు.

నాటు పెట్ట ఏడాదికి పెట్టేది 50, 60 గుడ్లే. ఒక విడతకు పన్నెండో పదిహేనో పెట్టి, పొదగడానికి కూర్చుంటుంది, 21 రోజులు, ఆ తర్వాత రెండు మూడు నెలలు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంది, అన్నాళ్లూ గుడ్డు లేదు. పిల్లల్ని నెలా నెలన్నరకు వేరు చేస్తే పెట్ట త్వరగా మళ్లీ గుడ్లకొస్తుంది. గుడ్ల కోసమే అయితే నాటుకోడి వద్దు. కానీ దాని బలం వేరేచోట ఉంది: కరెంటు బల్బు అక్కర్లేకుండా పిల్లల్ని తనే చేస్తుంది, గద్ద నీడ పడితే ఒక్క కేక వేసి పిల్లలన్నిటినీ రెక్కల కిందికి తెచ్చుకుంటుంది, సాయంత్రం చెట్టెక్కి పడుకుంటుంది, తిండి సగం తనే వెతుక్కుంటుంది. నాటు పుంజు కేజీన్నరకు రావాలంటే 6, 7 నెలలు పడుతుంది, ఓపిక ఉండాలి. అమ్మేటట్టయితే కేజీ ధర ఫారం కోడికి రెండింతల పైమాటే, గంగమ్మ జాతర ముందు, కనుమ ముందు అయితే బేరమాడేవాళ్లే ఉండరు. అసీల్ కండ బాగా గట్టి, పుంజులు రెండుంటే ఒకదాన్నొకటి చంపుకునేదాకా పోతాయి, కొత్తవాళ్లకు నేను చెప్పను.

వనరాజా, గ్రామప్రియ రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసినవి. చూడ్డానికి రంగురంగులుగా నాటుకోడిలాగే ఉంటాయి కాబట్టి సంతలో రెండూ ఒకటే అన్నట్టు అమ్ముతారు, కానీ కాదు. వనరాజా మాంసానికీ గుడ్లకూ మధ్యరకం, పెరట్లో పుంజు 4 నెలలకు కేజీన్నర దాటుతుంది, పెట్ట ఏడాదికి నూటికి అటూ ఇటూ గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ గుడ్ల వైపు మొగ్గు, ఒళ్లు తేలిక, మేత సరిగ్గా ఉంటే ఏడాదికి 160 దాకా గోధుమరంగు గుడ్లు. ఐదున్నర నెలలకు మొదలుపెడుతుంది. ఈ రెండిటికీ పొదిగే గుణం దాదాపు లేదు, అంటే వాటి గుడ్లను నాటు పెట్ట కింద పెట్టాల్సిందే.

వనరాజాతో జనం చేసే తప్పు ఒకటుంది, ప్రేమతో చేసేదే. అన్నం, నూకలు, మిగిలిన సంగటి, అడిగినంతా పెడతారు. పెట్టలు కొవ్వెక్కి గుడ్లు పెట్టడం తగ్గించేస్తాయి, "మోసపోయాం, ఇది గుడ్లే పెట్టదు" అంటారు. పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు, మధ్యలో అది తిరిగి ఏరుకోవాలి. ఇంకొకటి, ఒళ్లు బరువు కాబట్టి ఎగరలేదు, కుక్కకూ ముంగిసకూ సులువుగా దొరుకుతుంది. కాంపౌండ్ లేని ఇంట్లో వనరాజా వద్దు.

గిరిరాజ మన పలమనేరు, కుప్పం వైపు ఎక్కువ కనిపిస్తుంది, బెంగళూరు పశువైద్య కళాశాలలో పుట్టిన రకం కదా, పిల్లలు అటునుంచే వస్తాయి. వనరాజా గురించి చెప్పినదంతా దానికీ వర్తిస్తుంది, ఒళ్లు ఇంకా బరువు.

కడక్‌నాథ్ గురించి రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతపు కోడి, 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, తోలు, మాంసం, ఎముక అన్నీ నలుపే. మంచి కోడి. కానీ మెల్లగా పెరుగుతుంది, గుడ్లు తక్కువ, పిల్లల ధర ఎక్కువ, మన ఊళ్లో నల్ల మాంసం చూసి ముఖం తిప్పుకునేవాళ్లే ఎక్కువ. ఇంట్లో తినడానికి సరదాగా రెండు పెంచుకోండి. "పిల్లల్ని మేమిస్తాం, పెరిగాక మేమే కొంటాం" అని వచ్చేవాళ్లకు మాత్రం ముందస్తు డబ్బు కట్టకండి, మా బంధువులు ఒకరు అలా కట్టి, కోళ్లు పెరిగేసరికి ఫోన్ ఎత్తేవాళ్లు లేక, అయినకాడికి అమ్ముకున్నారు.

బ్రాయిలర్‌ను పెరట్లో పెంచొద్దు. అది 40 రోజుల్లో రెండు కేజీలు అవడానికి తయారైన కోడి, మూడుపూటలా ఫీడ్ కావాలి, తిరిగి ఏరుకోదు, కాళ్లు మొయ్యలేక కూర్చుండిపోతుంది. తిరుపతి ఎండల్లో, ఏప్రిల్ మే నెలల్లో, మధ్యాహ్నం రెండుకు నోరు తెరిచి రొప్పుతూ చచ్చిపోతుంది. ఆ మాంసం కావాలంటే షాపులో కొనుక్కోవడమే చవక.

ఇంకొకటి, బైకు మీద తట్టల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులేసిన కోడిపిల్లల్ని అమ్ముతారు చూడండి, వాటిని ఇంట్లో పిల్లలు ఏడిచారని కొనకండి. అవి ఎక్కువగా గుడ్ల కోళ్ల హేచరీల్లో పనికిరావని తీసేసిన మగ పిల్లలు. గుడ్డు పెట్టవు, మాంసమూ పట్టవు, సగం వారంలోపే పోతాయి.

సరే, రకం తేలిందనుకుందాం. ఒకరోజు పిల్లల్ని తేవాలా, నెల పిల్లల్నా? దీని దగ్గర నేను చేతులు కాల్చుకున్నాను. మొదటి ఏడాది డిసెంబరులో 30 వనరాజా పిల్లల్ని ఒకరోజువి తెచ్చాను. అట్టపెట్టె, ఊక, పైన బల్బు, అన్నీ సరిగ్గానే పెట్టాను, మొదటివారం 35 డిగ్రీల వేడి ఉండాలి, వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి అని తెలుసు. నాలుగోరోజు రాత్రి తుపాను వాన, కరెంటు పోయింది, నేను నిద్రపోయాను. పొద్దున చూస్తే అన్నీ ఒక మూలకు చేరి ఒకదానిమీదొకటి ఎక్కి ఉన్నాయి, పై వాటిని తీస్తే అడుగున 13 చదునుగా అణిగిపోయి ఉన్నాయి. చలికి చచ్చినవి కావు, వెచ్చదనం కోసం ఒకదాని కిందికి ఒకటి దూరి ఊపిరాడక చచ్చినవి. పెట్టెకు మూలలు లేకుండా అట్టను గుండ్రంగా చుట్టి ఉంటే కొన్నైనా బతికేవి, అది తర్వాత తెలిసింది. కాబట్టి రాత్రి లేచి చూసే మనిషి ఇంట్లో లేకపోతే నెల పిల్లల్నే కొనండి. ధర ఎక్కువే, కానీ చచ్చేవి చచ్చాక మిగిలినవి, మొదటి టీకాలు పడ్డవి మీ చేతికొస్తాయి. ఒకరోజు పిల్లలే కావాలనుకుంటే, పొదగడానికి కూర్చుని ఉన్న నాటు పెట్ట కిందికి రాత్రిపూట ఒక్కొక్కటిగా తోయండి. తెల్లారేసరికి తనవే అనుకుంటుంది చాలాసార్లు. బల్బు అక్కర్లేదు.

టీకా ఏ రకం తెచ్చినా తప్పదు. "నాటుకోడికి రోగం రాదు" అనే మాట నమ్మకండి, కొక్కెర తెగులు (రాణిఖేత్) వచ్చిందంటే ఆకుపచ్చ తెల్ల పారుడు, మెడ మెలితిరగడం, వారంలో వీధి మొత్తం ఖాళీ. 7వ రోజు, 28వ రోజు కంట్లో లసోటా టీకా చుక్క, 8 వారాలకు ఆర్2బి టీకా సూది, రెండూ ఆ తెగులుకే. ఇబ్బంది ఏంటంటే సీసా మామూలుగా 100 డోసులకు తక్కువ దొరకదు, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మీకున్నవి ఆరు కోళ్లు. మేం వీధిలో అయిదారిళ్ల వాళ్లం ఒకరోజు అనుకుని, ఒకరు ఐస్ డబ్బాలో సీసా తెస్తే, సాయంత్రం కోళ్లు గూటికి చేరాక గబగబా అందరి కోళ్లకూ వేసేస్తాం. అనుమానం ఉంటే అడగడానికి తిరుపతిలోనే వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, అది మనకున్న పెద్ద సౌకర్యం.

కోళ్లు ముడుచుకుని కూర్చుంటే "చచ్చేలోపు కోసుకుందాం" అనేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. 2024 ఫిబ్రవరిలో పక్కనున్న నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ వచ్చింది. బాగా ఉడికిన మాంసంలో ఆ వైరస్ బతకదు, ప్రమాదమంతా కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడు, ఆ రక్తం, రెట్ట మన చేతికీ ముఖానికీ తగలడంలో ఉంది. ఒకేసారి రెండు మూడు చస్తే పశువుల డాక్టరుకు చెప్పండి, ముట్టుకోకండి.

మేత దగ్గర మన జిల్లాకు సంబంధించిన రెండు మాటలే చెప్తాను. బూజు పట్టిన వేరుశనగ, వేరుశనగ చెక్క కోళ్లకు వేయొద్దు, ఆ బూజు విషం కార్జాన్ని తినేస్తుంది. మామిడి తోటలో కోళ్లు వదిలేవాళ్లు పూత సమయంలో మందు కొట్టినప్పుడు వారం పది రోజులు లోపలే ఉంచండి, మందు పడిన పురుగుల్ని ఏరుకు తిని చస్తాయి.

ఇక ఎవరికి ఏది? తిరుపతిలో మిద్దె మీద, చుట్టూ ఇళ్లున్నచోట అయితే నాలుగు గ్రామప్రియ పెట్టలు, పుంజు వద్దు. పుంజు లేకపోతే గుడ్లు పెట్టవని చాలామంది అనుకుంటారు, పెడతాయి, పిల్లలు కావు అంతే. తెల్లవారుజామున మూడింటి కూతకు పక్కింటి వాళ్లు గొడవకొచ్చే టెన్షనూ ఉండదు. ఎండకు రేకు మీద కొబ్బరాకు తడికలు కప్పి నీళ్లు చల్లండి. ఈ ఇంట్లో కోయాల్సిన రోజు రెండేళ్లకు గానీ రాదు, అప్పుడు షాపుకు తీసుకెళ్లండి. ముదురు పెట్ట కాబట్టి పచ్చి బొప్పాయి ముక్క వేసి కుక్కర్‌లో పెట్టాల్సిందే.

కాంపౌండ్, పగలు ఇంట్లో మనిషి ఉండి, కోసుకోవడానికి వెనకాడని ఇల్లయితే నెల వయసున్న వనరాజా పిల్లలు పది, 4 నెలలకు పుంజులు ఒక్కొక్కటీ వండుకుని పెట్టల్ని గుడ్లకు ఉంచుకోండి.

ఊళ్లో, చేను పక్కన ఇల్లుంటే నాటుకోడికి మించింది లేదు. మా ఇంట్లో ఇప్పుడున్నది నాలుగు నాటు పెట్టలు, ఆరు గ్రామప్రియలు, ఒక కాళహస్తి పుంజు. గ్రామప్రియలు రోజువారీ గుడ్లకు, నాటు పెట్టలు పిల్లలు చేయడానికి. ఎవరైనా మొదలుపెడతానంటే నేను ఈ కలయికే చెప్తాను, చిన్నగా, రెండు నాటు పెట్టలు, మూడు గ్రామప్రియలు, ఒక పుంజు.

కనుమకు ఇంటి పుంజుతో సంగటీ పులుసూ తినాలనుకుంటే నాటు పిల్లలు జూన్‌లోపు గుడ్డులోంచి బయటికి రావాలి, అంటే మే మొదటికల్లా పెట్టను గుడ్ల మీద కూర్చోబెట్టాలి. వనరాజా అయితే సెప్టెంబరు మొదటివారంలో పిల్లల్ని తెచ్చినా కనుమకు అందుతాయి. మేలో తిరుపతి గంగమ్మ జాతరకైతే నాటు పిల్లలు అక్టోబరులో, వనరాజా పిల్లలు డిసెంబరు చివరికి ఉండాలి, డిసెంబరులో తెస్తే మాత్రం కరెంటు పోయిన రాత్రికి ఒక కుంపటి, బొగ్గులు దగ్గర పెట్టుకోండి, పొగ బయటికి పోయేలా కిటికీ బాగా తెరిచి.